రాజుగారి కుడిచేయి

కుందనాడును ఏలిన ఒకానొక రాజు పేరు రణకేసరి. ఆయన రాజ్యంలో ఏడు సీమలుండేవి. ఆరింటికి సొంత సభలుండేవి. బావులు, బాటలు, సంతలు ఆ సభలే చూసుకునేవి. ఏడోది ముత్యాలరేవు. అదంటే రాజుకు మహా ముద్దు. "దానికి సభ దేనికి? స్వయంగా నేనే ఏలుతాను" అని అక్కడికి ఒక అధికారిని పంపాడు.

ఒక వేసవిలో ఆ సీమలో ఏటి రేవుమెట్లు కూలాయి. అధికారిని అడిగితే, "నాకు అధికారం లేదు, రాజధానికి రాసుకోండి" అన్నాడు. రాజధానికి రాస్తే, "మీ అధికారిని అడగండి" అని జవాబొచ్చింది. ఎవరిని అడగాలో తెలియక జనం తలలు పట్టుకున్నారు. అప్పటికే ఇద్దరు బెస్తలు జారిపడి కాళ్లు విరగ్గొట్టుకున్నారు. వానలు దగ్గరపడ్డాయి. ఏటికి అవతలి సీమలోనూ మెట్లు కూలాయి గానీ, వాళ్ల సభ నాలుగు రోజుల్లో కట్టించేసింది.

ఈ మొర విని రాజు అయోమయంలో పడ్డాడు.

"ఆ సీమా నాదే, ఈ సీమా నాదే. పైగా వీళ్లు నేరుగా నా కింద ఉన్నవాళ్లు. వీళ్లకేం లోటు?" అని, కొలువులోని విదూషకుడు వల్లభయ్య వైపు తిరిగాడు. "రేపు పొద్దుగూకేలోగా నాకు అర్థమయ్యేలా చెప్పు. లేదా కొలువు మానుకో."

"చిత్తం. రేపొక్కరోజు తమ కుడిచేతిని మన కొలువు ఏలేలా ఆజ్ఞ ఇప్పించండి. ఎడమచేయి తమ ఇష్టం."

రాజుకు ఏమీ బోధపడలేదు. అయినా సరేనన్నాడు.

మర్నాడు భోజనంలో వేడన్నం, గోంగూర, నెయ్యి వడ్డించారు. రాజు చేయి చాపాడు.

"ఆగండి ప్రభూ. ఆ చేయి అన్నం కలపాలంటే కొలువు అనుమతి కావాలి" అన్నాడు వల్లభయ్య.

"ఎవరివ్వాలి?"

మంత్రిని పిలిచారు. "భోజనం సంగతి వంటశాల అధికారిది" అన్నాడాయన. వంటశాల అధికారి, "చేయి సంగతి వైద్యుడిది కదా" అన్నాడు. వైద్యుడు, "మంత్రిగారు రాసిస్తే చూస్తాను" అన్నాడు. ఈలోగా నెయ్యి పేరుకుంది.

"ఎడమచేయి తమదే కదా ప్రభూ."

"ఎడమచేత్తో అన్నం తినమంటావా? అసలీ కుడిచేయి నాది కాదా?"

"కాదని ఎవరన్నారు? ముత్యాలరేవు కూడా తమదే."

రాజు తన చేతి వంక చాలాసేపు చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్కడికక్కడే ఆజ్ఞ రాయించాడు: ఇకపై ముత్యాలరేవుకూ సొంత సభ ఉంటుంది; సైన్యం, నాణెం రాజువి; రేవు, బావి, సంత ఆ సభవి.

"నీకేం బహుమానం కావాలి, వల్లభయ్యా?"

"ముందు తమరు భోంచేయండి ప్రభూ. తమరు తినందే మేం తినకూడదు. పొద్దున్నుంచీ పస్తున్నాం."

రాజు మళ్లీ నవ్వి, అతణ్ణి తన పక్కనే కూర్చోబెట్టుకుని, మొదటి ముద్ద అతనికే పెట్టాడు.