ఏరు దాటని మెయిళ్లు

ఏటికి ఈ ఒడ్డున చిలకమెయిల్, ఆ ఒడ్డున కొంగమెయిల్. మోదుగాకు మీద తుమ్మముల్లుతో నాలుగు మాటలు గీకి చిలక చేతికిస్తే, అది ఆకు అంచున ముక్కుతో ఒక గాటు పెట్టి ఏటి మధ్య బండ దాకా మోసేది. చిలకకు చేతులెక్కడివని నన్నడక్కండి, ముక్కుకే ఇచ్చారనుకోండి. బండ దగ్గర కొంగ ఆ గాటు ముద్ర చూసి, ఆకు అందుకుని ఆవలి ఒడ్డున పంచేది. అటునుంచి వచ్చేవీ అంతే. అక్కరలేని మెయిళ్లు పడెయ్యడానికి అటొక గుంట ఉండేది. దాన్ని స్పామ్ గుంట అనేవాళ్లు.

ఈ ఒడ్డున ఈ వ్యవహారానికంతటికీ పెద్ద మేస్త్రీ నక్క జిత్తయ్య. ఎవరు పెట్టారంటారా? ఎవరూ పెట్టలేదు. "మెయిల్ సంగతి నాకొదిలెయ్యండి" అన్నాడు, జనం వదిలేశారు.

సోమవారం పొద్దున్నే జిత్తయ్య బొరియ ముందు కూర్చుని ముళ్లు అరిగేలా శుభోదయాలు రాస్తున్నాడు. రెండు ఒడ్డుల మీద ఉన్న ప్రతి ప్రాణికీ రోజూ ఒక శుభోదయం, దాని కింద ఒక మంచిమాట, ఆ కింద తన పేరు. ఇది లేకపోతే అడవి ఎలా నిద్రలేస్తుందో ఆయనకి అర్థమయ్యేది కాదు. ముప్ఫయ్యో ఆకు మీద ఉండగా ఓబన్న అనే ఎద్దు వచ్చి నిలబడ్డాడు.

"మేస్త్రీ, పుల్లన్నకి నాలుగు మెయిళ్లు పెట్టా. ఒక్కదానికీ జవాబు లేదు."

పుల్లన్న ఓబన్నకి జోడెద్దు. ఇద్దరూ ఏడేళ్లు ఒకే కాడి కింద దున్నారు. కిందటేడు రైతు పుల్లన్నని ఆవలి ఒడ్డుకి అమ్మేశాడు.

"ఏం రాశావేంటి?"

"గురువారం వాడు చెరకు బళ్లతో దూరం పోతున్నాడంట. ఇక ఇటు రాడు. పోయేముందు ఏట్లో నీళ్లకి దిగుతాడు కదా, పై రేవా కింది రేవా అని అడిగా. నన్ను నీళ్లకి వదిలేది ఒక్క గడియే మేస్త్రీ. రేవు తప్పితే అంతే సంగతులు." "వాడు నన్ను మర్చిపోయాడంటావా?"

"ఛఛ! తప్పంతా కొంగమెయిల్‌ది. ఒంటికాలి మీద నిలబడేవాళ్ల పని ఎలా ఉంటుందనుకున్నావు? నువ్వెళ్లి మేత మెయ్యి, నేను చూసుకుంటా."

చూసుకోవడం మొదలైంది. ముందు పుల్లన్నకి తనే ఒక ఆకు రాసి, పచ్చమ్మ అనే చిలకని కొమ్మ దిగి మళ్లీ ఎక్కమన్నాడు. అది దిగి ఎక్కింది.

"ఇప్పుడు వెళ్తుంది చూడు" అన్నాడు.

వెళ్లింది గానీ జవాబు రాలేదు. ఆకుని తిరగేసి రాశాడు. తూర్పు తిరిగి ఎగరమన్నాడు.

"ఇవన్నీ ఎందుకు మేస్త్రీ?" అంది పచ్చమ్మ.

"నీకు తెలీదులే, లోపల చాలా ఉంటుంది."

లోపల ఏముంటుందో ఆయనకీ తెలీదు. తెలీదని ఒప్పుకుంటే మరి మేస్త్రీగిరీ ఏం కాను?

మంగళవారం ఇంకా గట్టి ఆలోచన వచ్చింది. 'పరీక్ష' అని రాసి అరవై ఆకులు ఒక్కపూటలో పంపించాడు. పొద్దు వాలేసరికి పచ్చమ్మ రొప్పుతూ వచ్చింది. "మేస్త్రీ, కొంగ ఇప్పుడు మన ఆకు ముట్టుకోనే ముట్టుకోనంటోంది. గాటు చూస్తే చాలు, ముక్కు తిప్పుకుంటోంది."

"నేను చెప్పలా! తప్పు వాళ్లదే!" అని తోక ఎగరేశాడు జిత్తయ్య. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయనకి రాకేం కాదు. కిందటి శుక్రవారం మంచిమాట అదే.

బుధవారం ఓబన్న మళ్లీ వచ్చాడు. రెండ్రోజులుగా నెమరు లేదు, డొక్కలు లోపలికి పోయాయి. "రేపే మేస్త్రీ" అన్నాడు, అంతే. జిత్తయ్య చేతిలో ముల్లు కింద పెట్టాడు. ఇక లాభం లేదు, ఆ కొంగని నాలుగు దులిపేసి వద్దామని ఏట్లో దూకాడు.

ఆవలి ఒడ్డున స్పామ్ గుంట పక్కన కొంగ తపసమ్మ ఒంటికాలి మీద ఉంది. తోక తడిసి తాడులా వేలాడుతున్న ఈ నక్క ఎవరో ఆవిడకి తెలీదు.

"ఏమమ్మా, మా ఓబన్న మెయిళ్లు ఏం చేశావు?" అని గద్దించాడు.

"చిలక గాటు ఉన్నవన్నీ గుంటలోకే నాయనా. ఏం చెయ్యమంటావు? మీ ఒడ్డున జిత్తయ్య అని ఒకడున్నాడు. ఏడాదిగా ఇంటింటికీ శుభోదయాలు. ఇక్కడ అందరూ నా మీద పడి తిట్టారు. ఆకులన్నిటికీ ఒకటే గాటాయె, ఏది వాడిదో ఏది మంచివాళ్లదో ఎన్నని విప్పి చూడను? నిన్నయితే వాడికి పూర్తిగా పిచ్చెక్కింది. పరీక్ష, పరీక్ష అని అరవై! నువ్వెరుగుదువా వాణ్ణి?"

తేలు కుట్టిన దొంగలా అయ్యాడు జిత్తయ్య. "మొహం ఎరుగుదును" అన్నాడు మెల్లిగా.

"బుద్ధి చెప్పు."

"చెప్తాను. వింటాడని నమ్మకం లేదు."

సిగ్గు చంపుకుని గుంటలో దిగాడు. నడుము లోతు శుభోదయాలు. ఒక్కొక్కటీ తీసి చూస్తుంటే, ఇంత చెత్త తనొక్కడే ఎలా రాశాడా అని తనకే ఆశ్చర్యమేసింది. అడుగున ఓబన్న ఆకులు నాలుగూ దొరికాయి.

"పాపం, పుల్లన్న కూడా నాలుగు పంపాడు" అంది తపసమ్మ. "జవాబు లేదని నిన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నా చేత్తో మీ చిలకకే ఇచ్చానే!"

"మాకొక్కటీ రాలేదే!"

"కొంగమెయిల్ ఏదొచ్చినా ముళ్లపొదలో పడెయ్యమని మీ మేస్త్రీ హుకుం అంట. మీ చిలకే చెప్పింది."

అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి. కిందటి చలికాలం అటునుంచి ఒక మెయిల్ వచ్చింది: 'నీకు సగం జింక తగిలింది, తీసుకోవాలంటే ముందు నాలుగు ఎండ్రకాయలు పంపు.' ఇంత తెలివిగల నక్కా పంపాడు. జింక రాలేదు. ఎవరికీ చెప్పుకోలేక, ఇకపై అటునుంచి ఏదొచ్చినా పొదలో వెయ్యమని పచ్చమ్మకి చెప్పి, చెప్పిన సంగతే మర్చిపోయాడు. పోయేదారీ తనే మూశాడు, వచ్చేదారీ తనే మూశాడు. మధ్యలో కూర్చుని తాళం ఎవరేశారని మూడ్రోజులు విచారణ చేశాడు!

ఓబన్న ఆకులు నోట కరుచుకుని పుల్లన్న కొట్టం దాకా పరిగెత్తాడు. పుల్లన్న ఆకుల్ని వాసన చూసి, "మర్చిపోలేదన్నమాట!" అన్నాడు. "కింది రేవు, మిట్టమధ్యాహ్నం అని చెప్పు." జిత్తయ్య ఆ ఒక్క మాటా మధ్యలో మంచిమాటలేమీ కలపకుండా మోసుకొచ్చి ఓబన్నకి అప్పజెప్పాడు.

గురువారం కింది రేవులో జోడెద్దులు కలుసుకున్నారు. కాడి లేకపోయినా నాగలికి కట్టినట్టే ఓబన్న ఎడమన దాపట, పుల్లన్న కుడిన వలపట, ఎవరి వైపున వాళ్లు నిలబడి మెడలు ఆనించుకుని నీళ్లు తాగారు. బండివాడు అదిలించేదాకా ఇద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు.

బళ్లు మలుపు తిరిగాక జిత్తయ్య దగ్గరికొచ్చాడు. "ఓబన్నా, తప్పు కొంగమెయిల్‌ది కాదు. నాదే. నా శుభోదయాల వల్లే నీ మెయిళ్లు గుంటలో పడ్డాయి."

ఓబన్న తాపీగా నెమరు వేశాడు. మూడ్రోజుల తర్వాత అదే మొదటిసారి.

"నన్ను తిట్టవా?" అన్నాడు జిత్తయ్య.

"తపసమ్మని మెచ్చుకోవాలి. ఏడాది ఓర్చుకుంది."

"అంటే?"

"నీ మెయిల్ వస్తే నేరుగా గడ్డివాములో దోపెయ్యమని నేను పచ్చమ్మకి ఎప్పుడో చెప్పా. పోయిన పోలాల పండగ నాడే."

"మరి మిగతావాళ్లు?"

"వాళ్లే నాకు చెప్పారు, అలా చేసుకోమని."

మన మాట అవతలికి చేరట్లేదంటే, దారిని కాదు, ముందు మన నోటిని అనుమానించాలి.