దారిలో అక్షతలు

నరహరి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏది అడిగినా ఆ పూట జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాంలే అమ్మా" అని భుజం మీద కండువా సర్దుకుని వేరే మాటలోకి వెళ్ళిపోయేవారు. అడిగినవాళ్ళు ఆ సంగతి మరిచిపోయాక, ఏ వారానికో పదిరోజులకో, వాళ్ళ కళ్ళ ముందే ఏదో ఒకటి జరిగేది. అప్పుడు ఆయన ఒక్క ముక్క అనేవారు. అదే జవాబు. ఆ ముక్క అందక మళ్ళీ అడిగినవాళ్ళకి మళ్ళీ "చూద్దాంలే."

అంబాజీపేటలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నలభై ఏళ్ళు టైపు మిషన్ల టకటకలతో నడిచిన ఆ గదిలో చివరికి ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు మిగిలాయి. పగలు అర్జీలు, దరఖాస్తులు కొట్టి ఇచ్చేవారు. సాయంత్రం ఆ బల్లలే గోడవారకి జరిపి చాపలు పరిస్తే, మాస్టారు పురాణం చెప్పేవారు. మా హైమవతి పిన్ని ఆయనకి రెండు విధాలా శిష్యురాలు. పెళ్ళికి ముందు ఆయన దగ్గరే టైపు నేర్చుకుంది. భర్త పోయాక ఆయన దగ్గరే పనికి కుదిరి, సాయంత్రాలు ముందు వరసలో కూర్చుని పురాణం వినేది.

ఒకనాడు పురాణం అయ్యాక, అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, చాపలు చుడుతూ అడిగింది. "మాస్టారూ, దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళకి భయం ఉండదంటారు కదండీ. మరి నాకు పూజ పెరిగినకొద్దీ భయమూ పెరుగుతోందేమిటి?"

మాస్టారు కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుని, "చూద్దాంలే అమ్మా" అన్నారు.

హైమవతిది ఊరికే పుట్టిన భయం కాదు. మూడేళ్ళ కిందట ఒక పొద్దున్న పని తొందరలో దీపం పెట్టడం మరిచిపోయింది. ఆ రోజే పదకొండు గంటలకి భర్త కొబ్బరితోటలో నడుస్తూ నడుస్తూ కుప్పకూలిపోయాడు. ఆ రెంటికీ సంబంధం లేదని ఆవిడకి తెలుసు. తెలిసినా, అప్పటినుంచి దీపం ఒకటి రెండయింది, రెండు అయిదయ్యాయి. గుమ్మం దాటేముందు నామాలు, సందు మలుపు తిరిగేముందు నామాలు. ఒక్కటి తప్పితే ఏదో ముంచుకొస్తుందని గుండె దడ. ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన నెలలోనే ఎవరిదో దరఖాస్తు, ఆఖరి తేదీనాడు, ప్రింటరు నమిలి ముద్దచేసి వదిలింది. ఆ మర్నాటినుంచి చిన్న వెండిగిన్నెలో అక్షతలు తెచ్చిపెట్టుకుంది. పసుపులో నాలుగు నేతిచుక్కలు వేసి ఇంట్లో కలుపుకున్నవే. రోజూ తాళం తియ్యగానే ప్రింటరు నెత్తిన చిటికెడు వేసి, దణ్ణం పెట్టి, ఆ తరవాతే స్విచ్చి వేసేది. మాస్టారు చూసేవారు. ఏమీ అనేవారు కాదు.

ఆవిడకి ఒక్కతే కూతురు, మైథిలి. నర్సింగు ప్రవేశ పరీక్షకి చదువుతోంది. అంతకుముందు ఏడాది సరిగ్గా పరీక్షనాడే జ్వరం వచ్చి రాయలేకపోయింది. ఈసారి కూడా తప్పితే ఇక చదువు మాట ఎత్తనని, బట్టల కొట్లో పనికి పోతానని తనే అంది. పిల్ల ఆ మాట అన్నప్పుడు ఏడవలేదు. అందుకే హైమవతికి ఇంకా భయమేసింది.

పరీక్ష ముందురోజు సాయంత్రం సెల్‌ఫోనుకి కబురొచ్చింది. పరీక్షా కేంద్రం మారిందట. పాత హాల్‌టికెట్టు చెల్లదు, కొత్తది కాగితం మీద తీసుకురావాలి, సెల్‌ఫోనులో చూపిస్తే ఒప్పుకోరు. అప్పటికే ఊళ్ళో కరెంటు పోయింది. పొద్దున్న ఏడింటికి గాని రాలేదు. పరీక్ష అమలాపురంలో. తొమ్మిదికి గేటు మూసేస్తారు. ఎనిమిదికల్లా బయల్దేరాలి. ఏడున్నరకి తల్లీకూతుళ్ళు ఇన్‌స్టిట్యూట్ తలుపు తీశారు. ఊళ్ళో ఉన్న ఒక్క నెట్ సెంటరూ తొమ్మిదింటికిగాని తెరవరు.

ఆ వేళ హైమవతి చిటికెడు కాదు, గుప్పెడు అక్షతలు వేసింది. దణ్ణం పెట్టింది. స్విచ్చి వేసింది. హాల్‌టికెట్టు తెర మీదికి వచ్చింది. దాని మీద కూతురి ఫోటో, పేరు, నంబరు అన్నీ ఉన్నాయి. ప్రాణం లేచి వచ్చినట్టయి, ప్రింటు ఇచ్చింది.

ప్రింటరు గుర్రుమంది, లోపల ఏదో కదిలింది, మళ్ళీ ఆగిపోయింది. ముందు వైపు నారింజరంగు దీపం కన్నార్పుతూ వెలగడం మొదలుపెట్టింది. కంప్యూటరు తెర మీద ఏదో చిన్న గడి వచ్చింది. హైమవతి చదవకుండానే దాన్ని నొక్కి తీసేసింది. ఆవిడకి ఆ గడులంటే భయం. వాటిలో ఎప్పుడూ మంచిమాట ఉండదని ఆవిడ నమ్మకం. మళ్ళీ ప్రింటు ఇచ్చింది. మళ్ళీ గుర్రు, మళ్ళీ దీపం, మళ్ళీ గడి. వైరు ఊడదీసి పెట్టింది. కాగితాలు తీసి, దులిపి, మళ్ళీ ప్రింటరు వెనక, పైకి తెరిచి ఉండే అరలో నిలబెట్టింది. సిరా ఉందో లేదో చూసింది. ఉంది. ఆర్పి వెలిగించింది. ఒక్కో పనికీ నడుమ ఒక్కోసారి ప్రింటు ఇస్తూనే ఉంది. చేతిలో మౌసు ఒకచోట నిలవడం లేదు. నోట్లో నామాలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి.

"అమ్మా, నువ్వలా వణికితే నాకు చదివింది గుర్తుండదే" అంది మైథిలి, గోడకి ఆనుకుని.

బయట ఆటో తాతారావు హారను కొట్టాడు. "హైమక్కా, ఆ మిషనుకి పొద్దున్నే కాఫీ పొయ్యలేదా? నా బండీ అంతే. నాలుగు తన్నులు తింటేగాని లేవదు. నన్ను రమ్మంటావా?"

"నువ్వు అక్కడే ఉండవయ్యా" అంది హైమవతి. గోడగడియారం ఏడూ నలభై ఆరు చూపిస్తోంది. పోయినేడు పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే ఇదే వేళకి తడిగుడ్డ వేస్తూ గడియారం చూసిన సంగతి గుర్తొచ్చింది. ఇవాళ ఏం తప్పింది? దీపాలు అయిదూ పెట్టింది. నామాలు తప్పలేదు. అయితే ఏది తప్పింది? గిన్నెలోంచి మరో గుప్పెడు అక్షతలు తియ్యబోయింది.

"ఏమంటోందమ్మా?" అని వినిపించింది వెనకనుంచి. మాస్టారు సంధ్య వార్చుకుని, తడి ఆరని విభూతితో, తన ఇంట్లోకి ఉన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"రావడం లేదు మాస్టారూ. పిల్ల హాల్‌టికెట్టు. ఎనిమిదికి వెళ్ళకపోతే..."

"రావడం లేదని నువ్వంటున్నావు. అదేమంటోంది?"

హైమవతికి అర్థం కాలేదు. ఆయన తెర వైపు చెయ్యి చూపించారు. గడి మళ్ళీ వచ్చి ఉంది. "అది ఇందాకటినుంచి చెబుతోంది. నువ్వు దాని నోరు నొక్కేస్తున్నావు. చదువు."

ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. కాగితం వెళ్ళే దారిలో అడ్డం ఉంది, తీసి మళ్ళీ ప్రయత్నించమని ఉంది. అంత భయపడిన గడిలో ఉన్నది అంతే.

"ఎన్నిసార్లు ఇచ్చావు ప్రింటు?"

తెర మీద వరసలో ఆగి ఉన్న ప్రింట్లని లెక్కపెట్టి, తల వంచుకుని చెప్పింది. "పదకొండు."

"దానికి వినపడలేదనా?"

"భయమేసి, మాస్టారూ."

"తీసెయ్యి. అన్నీ."

హైమవతి చెయ్యి ఆగిపోయింది. తీసెయ్యమంటే పిల్ల హాల్‌టికెట్టే పోతుందేమో అనిపించింది. పదకొండింటిలో ఏదో ఒకటైనా దారి చూసుకుని రాకపోతుందా అని ఒక ఆశ. అన్నీ చెరిపేస్తే ఇక చేతిలో ఏముంది? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోతుందేమో మాస్టారూ" అంది, చిన్నపిల్లలా.

"నువ్వు అడగడాన్ని తీస్తున్నావమ్మా. ఉన్నది ఎక్కడికీ పోదు."

ఒక్కొక్కటే తీసేసింది. పదకొండోది పోయేసరికి వరస ఖాళీ అయి, తెల్లగా కనిపించింది. మాస్టారు ప్రింటరుని ముట్టుకోలేదు. కాని బల్ల మీద నిన్నటి పేపరు పరిచి, కరెంటు తీసి దాన్ని పైకెత్తమన్నారు. ముందు కాగితాలు తీసేశారు. తల్లీకూతుళ్ళు చెరో పక్కా పట్టి ఎత్తారు. "వెనక్కి వంచండి. మెల్లిగా. ఇంకొంచెం."

లోపల ఏదో జలజలా దొర్లింది. పేపరు మీద గింజలు రాలాయి. ముందు రెండు, తరవాత ఒక దోసెడు. పచ్చగా, కొన్ని నలిగి, కొన్ని నేతి జిడ్డుతో ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

"అమ్మా, బియ్యం" అంది మైథిలి.

ఇద్దరికీ ఒక్కటే గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట, తోట దగ్గర, దహనానికి ముందు మైథిలి తండ్రి నోట్లో అందరూ ఒక్కొక్కరే గింజలు వేసి పక్కకి తప్పుకున్నారు. హైమవతికి ఆ యంత్రం చేతుల్లో బరువై, అది ఏదో అపశకునం కక్కుతున్నట్టు అనిపించి, కింద పెట్టెయ్యబోయింది.

"పట్టుకో" అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు. "ఇవి ఎవరు వేశారు?"

"నేనే మాస్టారూ."

"రోజూనా?"

"రోజూ. ఇది ఆగిపోకూడదనండీ."

మాస్టారు వంగి, టార్చి వేసి కాగితాల అరలోకి చూశారు. అట్టడుగున, కాగితాన్ని లాగే చక్రాల సందున ఒక గింజ నిలువునా దిగబడి ఉంది. మైథిలి జడలోంచి పిన్ను తీసి, ఊపిరి బిగబట్టి, దాన్ని బయటికి లాగింది. గడియారం ఏడూ యాభై ఎనిమిది. తాతారావు ఈసారి హారను కొట్టలేదు. దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతనికీ నవ్వు రావడం లేదు.

ప్రింటరుని మళ్ళీ నిలబెట్టారు. కాగితాలు పెట్టారు. "ఇప్పుడు అడుగు. ఒక్కసారే" అన్నారు మాస్టారు.

హైమవతి ఒక్కసారే నొక్కింది. నొక్కి, ఆ వేలిని ఇంకోసారి నొక్కకుండా రెండో చేత్తో పట్టుకుంది. ప్రింటరు గుర్రుమంది. ఆగింది. ఆ ఆగిన కాసేపూ ఆవిడ నోట నామం కూడా రాలేదు. కళ్ళు మూసుకోవడానికైనా ధైర్యం లేకపోయింది. తరవాత లోపల చక్రాలు కదిలాయి. కాగితం తల బయటికి వచ్చింది. మైథిలి నుదురు, కళ్ళు, గడ్డం, పేరు, నంబరు, కేంద్రం చిరునామా, అన్నీ మెల్లగా ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పైఅంచున మాత్రం పల్చటి పసుపు చార ఒకటి పడింది.

"శుభలేఖలా ఉందే. పసుపు కూడా రాసే ఇచ్చింది" అన్నాడు తాతారావు. అప్పుడు నవ్వాడు. "రావమ్మా నర్సమ్మా, ఎగిరిపోదాం."

మైథిలి మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన పేపరు మీద రాలిన గింజల్లోంచి నలగనివి నాలుగు ఏరి, పిల్ల తల మీద వేశారు. హైమవతి చూస్తూ ఉండిపోయింది. ఆటో సందు మలుపు తిరిగింది. ఎనిమిదీ యాభై రెండుకి ఫోను వచ్చింది. "అమ్మా, లోపలికి వెళ్తున్నా. పసుపు చూసి గేటు దగ్గరాయన ఏమీ అనలేదు." ఫోను పెట్టేశాక హైమవతి బల్ల మీద తల ఆన్చి చాలాసేపు కూర్చుంది.

మర్నాడు పొద్దున్న తాళం తీసి, ఎప్పటిలాగే వెండిగిన్నె అందుకుంది. చిటికెడు అక్షతలు తీసి ప్రింటరు మీదికి చెయ్యి చాపింది. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వేస్తే నిన్నటి నారింజ దీపం కళ్ళ ముందు కన్నార్పుతోంది. వెయ్యకపోతే మూడేళ్ళ కిందటి దీపం పెట్టని పొద్దు గుర్తొస్తోంది. రెండువైపులా భయమే. గింజలు వేళ్ళ మధ్య చెమటకి మెత్తబడ్డాయి. మాస్టారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. అడక్కుండా ఉండలేకపోయింది.

"మాస్టారూ, ఇక వెయ్యొద్దంటారా?"

ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు. ఈసారి "చూద్దాంలే" అని కూడా అనలేదు.

"వెయ్యొద్దని ఎవరన్నారమ్మా" అన్నారు. పేజీ తిప్పుకుని, "దారి వదిలి వెయ్యి."