మూడుసార్లు అరిచిన బండి

ముందే చెబుతున్నాను. ఏది ముందు జరిగిందో, ఏది తరువాత జరిగిందో నా నోట తారుమారు కావచ్చు. మీరే సర్దుకుని వినండి.

ఎద్దుల బండి తప్ప మరో బండి ఎరగని కాలంలో, ఎర్రగట్టుకు ఒక పగటి దూరంలో ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఉప్పలయ్య అనే మనిషి ఉండేవాడు. ఆయనకు పొలం లేదు, ఎద్దులు లేవు, బండి లేదు. ఉన్నదల్లా ఒక వెదురు గొట్టం, దాని నిండా కందెన. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో నూరి బండ్ల ఇరుసులకు పూసేవాడు. ఉప్పలయ్య కందెన పెడితే బండి పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా కిక్కురుమనదని చుట్టుపక్కల ఊళ్లన్నీ అనేవి. ఆయన ఆస్తి ఆ ఒక్క మాటే.

అదే ఊళ్లో బుచ్చవ్వ ఉండేది. మనుమరాలికి అమ్మవారు పోసి కళ్లు మూతపడితే ఎర్రగట్టు మైసమ్మకు మొక్కుకుంది. "తల్లీ, పిల్లకు చూపు నిలిస్తే నా చేతులతోనే నీకు వెండి కళ్లు పెడత."

చూపు నిలిచింది. మొక్కు మిగిలింది.

మొదటి ఏడు జాతరకు పోయింది. బండి దిగింది. మోకాళ్లు పట్టేశాయి. గట్టు కింద కూర్చుని మూడు వందల మెట్లను చూసి తిరిగొచ్చింది. రెండో ఏడు పోయింది. బండి దిగింది. మోకాళ్లు పట్టేశాయి. మెట్లను చూసి తిరిగొచ్చింది. మూడో ఏడూ అంతే.

కొడుకు మల్సూరు ప్రతిసారీ అనేవాడు, "తే అవ్వా, నేను పెట్టొస్త."

"నా చేతులతోటి అన్న బిడ్డా. నీ చేతులతోటి అన్లేదు." వెండి కళ్లను మళ్లీ కొంగున ముడివేసుకునేది.

ఆ మూడో ఏడు ఇంటి ముందు బండి దిగి, చక్రాన్ని పట్టుకుని ఏడ్చింది. బండి కింద ఇరుసు చూస్తున్న ఉప్పలయ్య తల బయటపెట్టాడు.

"ఏందక్కా?"

"అమ్మ నన్ను రావద్దంటుంది తమ్మీ. నా మొక్కు ఆమెకు అక్కర లేదు."

"అమ్మ సంగతి నాకు తెల్వదు. బండిల ఎట్ల కూసున్నవో చెప్పు."

"ఎట్ల కూసుంట? బోనం కుండ ఎదురుంగ, కాళ్లు మడుచుకొని."

"పొద్దంతనా?"

"మరి కాళ్లు చాపితే అమ్మకు చూపినట్టు గాదా?"

ఆ ఊరి ముసలివాళ్లందరూ అలాగే కూర్చునేవారు. బండి నడుమ అమ్మకు వండిన బోనం కుండ, దాని చుట్టూ మడిచిన మోకాళ్లు. పైగా బండ్లు దారిలో ఆగేవి కావు. ముందు చేరిన బండి బోనమే ముందు గట్టెక్కుతుంది. అందుకని పొద్దున ఎక్కిన ముసలివాళ్లు గట్టు దగ్గరే దిగేవారు.

ఉప్పలయ్య బండి కింద నుంచి మెల్లగా లేచాడు. ఆయన మోకాళ్లు కూడా పటుక్కుమన్నాయి.

"ఇన్నవా? నేను పొద్దంత గొంతుకూసుంట. ఇది అమ్మ కోపం గాదు, మడిచిన కాళ్ల కోపం. వచ్చే ఏడు వెనక్కి తిరిగి కూసో. కాళ్లు దారి దిక్కు చాపు. మోకాళ్ల కింద ఇంత గడ్డి పెట్టుకో."

"అయ్యో, అమ్మకు వీపు పెట్టాల్నా?"

"నీ కొడుకు పొద్దంత బోనానికి వీపు పెట్టే తోలుతడు గదా! అమ్మ ఆయన్నేమన్న అన్నదా?"

బుచ్చవ్వకు ఏడుపులోనే నవ్వొచ్చింది. "కూసుంట గని, నడుమల బండి ఆపడు గదా వాడు."

"ఆపేది నేను చూసుకుంట."

నాలుగో ఏడు వచ్చింది. ఉప్పలయ్య ఇరుసుకు కందెన పూశాడు. "కాకా, ఈయేడు మన బండే ముందుండాలె," అన్నాడు మల్సూరు. ఉప్పలయ్య ఊఁ అని, గొట్టం పట్టుకుని బండి వెనక ఎక్కాడు. పక్కనే బుచ్చవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది.

చిలుకల వాగు దగ్గర ఇరుసు కీచుమని అరిచింది. మల్సూరు అదిరిపడి బండి ఆపాడు. "ఏంది కాకా, ముసలోనివైనవా?"

ఉప్పలయ్య దిగి, గొట్టంతో చక్రాన్ని మూడుసార్లు కొట్టాడు. "దిగు బుచ్చక్కా. ఉత్తగ నిలబడకు, బండి సుట్టు తిరుగు." ఆయన తీరిగ్గా కందెన పూసే లోపల బుచ్చవ్వ కుంటుతూ మూడు సార్లు తిరిగింది.

జాజిరాయి దగ్గర ఇరుసు మళ్లీ అరిచింది. "కందెన పెట్టినవా, ఉత్త మసి పూసినవా?" అన్నాడు మల్సూరు. ఉప్పలయ్య చక్రాన్ని మూడుసార్లు కొట్టాడు. "దిగు బుచ్చక్కా." ఈసారి కుంటు తగ్గింది.

మోటబాయి దగ్గర ఇరుసు మూడోసారి అరిచింది. వెనక బండ్లు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. "ఉప్పలయ్య బండి ఒర్రుతుందిరో!" అని బండ్లలో వాళ్లు విరగబడి నవ్వారు. మల్సూరు ముఖం మాడ్చుకున్నాడు. "వచ్చే ఏడు ఇంకొకని పిలుస్త." ఉప్పలయ్య చక్రాన్ని మూడుసార్లు కొట్టాడు. బుచ్చవ్వ చక్రం పట్టుకోకుండానే దిగింది.

అన్ని బండ్లకూ వెనక చేరారు. ఉప్పలయ్య మెట్ల మొదట్లో నిలబడి ఆమెకు కర్ర అందించాడు. "ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టు. దిగేటప్పుడు నొప్పికాలు ముందు పెట్టు. పది మెట్లకోసారి నిలబడు. ఎవరన్న నవ్వితే నవ్వనీ."

పది మెట్లకోసారి నిలబడుతూ, మూడు వందల మెట్లు ఎక్కింది బుచ్చవ్వ. కొంగు ముడి విప్పి, తన చేతులతో అమ్మకు వెండి కళ్లు పెట్టింది. "తల్లీ, నువ్వే రావద్దన్నవనుకున్న. తప్పయింది," అని లెంపలు వేసుకుంది.

కిందికి వచ్చాక ఉప్పలయ్యను పక్కకు పిలిచింది. "నీ కందెన ఎన్నడన్న ఒర్రిందా తమ్మీ? నిజం చెప్పు."

"పొద్దునా, ఆపినప్పుడల్లా, ఎప్పుడు పెట్టే దాంట్ల పావొంతే పెట్టిన అక్కా. నీ కాళ్ల కోసమంటే మల్సూరు ఆపడు. ఇరుసు కోసమంటే ఆపుతడు."

"నీ పేరు పోయింది గదా!"

"నువ్వు గట్టెక్కినవు. ఎవరికి చెప్పకు. ఇప్పుడు చెప్తే మొక్కు కోసం బండి చెడగొట్టిండంటరు."

ఆమె చెప్పలేదు. మరుసటి ఏడు మల్సూరు వేరే మనిషిని పిలిచాడు. మిగిలినవాళ్లూ అంతే. రెండేళ్లకు ఉప్పలయ్య చనిపోయాడు. గొట్టం చూరులోనే ఉండిపోయింది.

ఆ ఏటి జాతరకు పోతుంటే చిలుకల వాగు దగ్గర బుచ్చవ్వ, "బండి ఆపు," అంది.

"ఇరుసు ఒర్రలేదు గదా అవ్వా."

"ఒర్రదు. అప్పుడు ఎందుకు ఒర్రిందో చెప్త, ఆపు." అంతా చెప్పింది.

మల్సూరు పగ్గాలు బండికి కట్టాడు. తరువాత దిగాడు. ముల్లుగర్రతో చక్రాన్ని మూడుసార్లు కొట్టి, తల్లికి చేయి అందించాడు. వెనక బండ్లు ఆగాయి. ఏమైందని అడిగిన వాళ్లకల్లా తానే చెప్పాడు, తాను అప్పుడు ఎత్తిపొడిచిన మాటలతో సహా. ఒక్కొక్క బండి నుంచి ముసలివాళ్లు నడుము పట్టుకుంటూ దిగి చుట్టూ తిరిగారు. ఆ ఏడు ఎవరి బోనం ముందెక్కిందో ఎవరికీ గుర్తు లేదు.

ఇప్పుడు ఎర్రగట్టుకు బస్సుల్లో పోతున్నారు. అయినా చిలుకల వాగు దగ్గర ఒకసారి, జాజిరాయి దగ్గర ఒకసారి, మోటబాయి దగ్గర ఒకసారి బస్సు ఆగుతుంది. ఎవరో ఒకరు టైరును అరచేత్తో మూడుసార్లు కొడతారు. "ఉప్పలయ్య దిగమన్నడు," అంటారు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ దిగి బస్సు చుట్టూ తిరుగుతారు. తొందర పెట్టే డ్రైవరును, "నీ బండి ఒర్రా!" అని తిడతారు.

చంద్రకళా, నేను చెప్పగా రాయించిన ఈ కథ ఒకసారి చదివి పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టు తల్లీ. అది చిలుకల వాగేనా, కొంగల వాగా? కొడుకు మల్సూరేనా? మీ అమ్మను కూడా అడుగు. ఉప్పలయ్య పేరు మాత్రం చూడనక్కర లేదు.