గార్డుగారి కంప్యూటరు

బాగుచేసి పంపిన కంప్యూటరు నాలుగో రోజున ఆటో ఎక్కి తిరిగొచ్చేసరికి కోటేశ్వరికి తల కొట్టేసినట్టయింది.

నరసరావుపేట స్టేషను రోడ్డులో మస్తాన్‌వలీ గారి కొట్టు అది. కంప్యూటర్లు వచ్చి ఎన్నేళ్ళయినా బోర్డు మీద మాత్రం రేడియో బొమ్మే ఉండేది. లోపల ఒక గోడకి పాత రేడియోలు, ఇంకో గోడకి లావుపాటి మానిటర్లు. సోల్డరింగు పొగా, పక్క హోటలు అల్లం టీ వాసనా కలిసి వచ్చేవి. ఇప్పుడు కోటేశ్వరికి సొంత కొట్టుంది, అందులో ఏసీ కూడా ఉంది. అయినా ఎక్కడైనా ఆ పొగ వాసన తగిలిందా, ప్రాణం ఆ ఇరుకు బల్ల దగ్గరికే పోతుంది.

అప్పటికి ఆమె పనిలో చేరి ఎనిమిది నెలలు. డిప్లొమా చదివింది, చెయ్యి చురుకు. గురువుగారు గంటసేపు చేసే పనిని పావుగంటలో తేల్చేసేది. ఆ సంగతి వచ్చేపోయేవాళ్ళకి కూడా తెలియాలని చూసేది. మస్తాన్‌వలీ గారు నవ్వి ఊరుకునేవారు. ఆయన చేత మాటపడ్డ మనిషి ఆ రోడ్డులో లేడు.

తిరిగొచ్చింది పరంధామయ్య గారి కంప్యూటరు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మీటరు గేజీ రోజుల ముచ్చట్లన్నీ ఒంటి వేలితో టైపు చేసుకుంటూ పొద్దుపుచ్చేవారు. ఒకరోజు పాత పాటల కోసం వెతుకుతూ ఏదో నొక్కితే, తెర నిండా పోలీసు ముద్ర, దాని కింద ఎర్రక్షరాలు వచ్చి కూర్చున్నాయి. మీరు చూడకూడని బొమ్మలు చూశారు, మీ కంప్యూటరుకి తాళం వేశాం, మూడు రోజుల్లో జరిమానా కట్టకపోతే అరెస్టు చేస్తాం అని ఇంగ్లీషులో బెదిరింపు. ఏ మీట నొక్కినా కదలదు. ఆపి మళ్ళీ వేసినా అదే.

ఆయన దానికి దుప్పటి కప్పి తెచ్చి, గొంతు తగ్గించి ఏదో చెప్పబోయారు. కోటేశ్వరి విననే లేదు. “వైరస్ తాతగారూ, సాయంత్రం రండి” అంది. సాయంత్రానికి తీసేసింది కూడా. “పోయింది, తీసుకెళ్ళండి” అన్న మాట ఇంకో డబ్బా విప్పుతూ, తలెత్తకుండానే చెప్పింది.

ఇప్పుడు ఆయన భార్య సౌభాగ్యమ్మ గారు ఆ డబ్బాని బల్ల మీద పెట్టించి, “ఇది మాకొద్దమ్మా. ఎవరికైనా ఇచ్చెయ్యండి” అన్నారు.

“బాగా పనిచెయ్యట్లేదా అండీ?”

“అది బాగానే ఉంది తల్లీ. ఆయనే బాగాలేరు. దాని మొహం చూడట్లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు. సందులో మోటారు సైకిలు ఆగితే పెరట్లోకి పోతున్నారు. ఇవాళ చూద్దును కదా, రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు సంచిలో సర్దుకున్నారు. ఎక్కడికండీ అంటే, వాళ్ళొచ్చి నలుగురిలో లాక్కుపోయేకంటే నేనే పోలీస్ స్టేషనుకి పోతానంటున్నారు.” ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పరంధామయ్య గారు లోపలికి రాలేదు. ఎండలో, ఆటో పక్కన, ఆ సంచి పట్టుకుని నిలబడ్డారు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క రిమార్కు లేని మనిషి. ఆయన్ని అలా చూడడం కోటేశ్వరికి కష్టంగానే ఉంది, కానీ ఆమె మనసంతా ఆ డబ్బా మీదే ఉంది. గబగబా వైర్లు తగిలించి అన్నీ చూసింది.

“చూడండి గురువుగారూ, ఎక్కడా ఏమీ లేదు. నా పనిలో తప్పుంటే చూపించండి” అంది పౌరుషంగా.

మస్తాన్‌వలీ గారు అటు చూడలేదు. “ఆ రోజు తీసిన దయ్యాన్ని పారేశావా, దాచావా?”

“సీడీలో దాచాను.”

“మన పాత డబ్బాకి ఎక్కించు. నెట్టు వైరు పీకేసి ఎక్కించు.”

కోటేశ్వరి తెల్లబోయింది. “వదిలించుకున్నదాన్ని ఎవరైనా కావాలని ఎక్కించుకుంటారా?”

ఆయన బయటికి వెళ్ళి, గార్డుగారి చెయ్యి పట్టుకుని, “ఎండగా ఉంది, రండి” అంటూ తీసుకొచ్చారు. తెచ్చి పాత డబ్బా ముందు కూర్చోబెట్టారు.

కోటేశ్వరి సీడీ ఎక్కించేసరికి తెర వెలిగింది. అదే ముద్ర, అవే ఎర్రక్షరాలు. పరంధామయ్య గారు లేవబోయారు. మస్తాన్‌వలీ గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, “నాకు ఇంగ్లీషు అంతగా రాదు గార్డుగారూ. కాస్త చదివి పెడతారా?” అన్నారు. రోజూ ఇంగ్లీషు పుస్తకాలు చూసి రేడియోలు బాగుచేసే మనిషి ఆయన.

గార్డుగారు మెల్లగా చదివారు. రెండు వాక్యాలు చదివి ఆగి, కళ్ళజోడు సవరించుకున్నారు. మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు, ఈసారి కొంచెం గట్టిగా.

“దీనికి నంబరు లేదే” అన్నారు.

“నంబరంటే?”

“ఏ మెమోకైనా నంబరుంటుంది సాయిబుగారూ. తేదీ ఉంటుంది. ఇచ్చినవాడి సంతకం, హోదా ఉంటాయి. ఇది ఏ స్టేషను నుంచి వచ్చిందో లేదు. అసలు నా పేరే లేదు!” వేలు తెర మీద పెట్టి చూపించారు. “జరిమానా డాలర్లలోనట. అదీ ఏవో కూపన్లు కొని వాటి నంబర్లు కొట్టాలట. రసీదు మాటే లేదు. సర్కారు ఎక్కడైనా ఇలా వసూలు చేస్తుందా?”

“ఏమోనండీ. మెమోల సంగతి మీకే తెలియాలి.”

“ఇది మెమో కాదు. దొంగ కాగితం!”

“అయితే తీసి పారెయ్యండి మరి.”

“నేనా?”

“మీరే. మా అమ్మాయి చెబుతుంది.”

కోటేశ్వరి చెప్పడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి మీటల మీదికి పోతుంటే గురువుగారు మెల్లగా పక్కకి తోశారు. ఇక చేతులు కట్టుకుని నిలబడింది. డబ్బా ఆపి మళ్ళీ వెయ్యమంది. వేస్తూనే ఎఫ్ ఎనిమిది మీట టకటకా కొట్టమంది. సేఫ్ మోడ్ అన్న వరస ఎంచుకోమంది, అందులో అయితే ఆ దొంగ లేవడు. తర్వాత, కంప్యూటరుతోపాటు వాటంతటవే లేచే ప్రోగ్రాముల జాబితా తెరిపించింది.

“ఇందులో తలా తోకా లేని పేరు ఏదైనా ఉందేమో చూడండి తాతగారూ.”

గార్డుగారు ఒక్కో పేరూ చదువుకుంటూ కిందికి దిగారు. ఏడో వరస దగ్గర వేలు ఆగింది. పొంతనలేని అక్షరాలూ అంకెలూ కలగలిపి ఉన్న పేరు. దాని టిక్కు తీసేశారు, అది దాక్కున్న చోటుకి వెళ్ళి ఫైలు తుడిచేశారు. ఇంకేమైనా మిగిలిందేమోనని వైరస్‌లు పట్టే సీడీ వేసి వెతికించడం మొదలుపెట్టేసరికి గంట దాటింది. టీ రెండోసారి వచ్చింది.

సౌభాగ్యమ్మ గారు గుమ్మం దగ్గర స్టూలు మీద కునుకు తీస్తున్నారు. పరంధామయ్య గారు అటోసారి చూసి, “ఆ రోజు ఒక పాడు బొమ్మ వచ్చింది సాయిబుగారూ. నేను వెంటనే మూయలేదు” అన్నారు.

మస్తాన్‌వలీ గారు టీ గ్లాసు ఆయన ముందుకి జరిపారు. “తర్వాత మూశారుగా. తాగండి, చల్లారిపోతుంది.”

డబ్బా మళ్ళీ వేశారు. ముద్ర లేదు, ఎర్రక్షరాలు లేవు. ఆ రోజుల్లో ఏ ఇంట్లో కంప్యూటరు వేసినా కనిపించే పచ్చటి దిబ్బ, నీలం ఆకాశం వచ్చాయి. గార్డుగారు చాలాసేపు దాన్నే చూశారు.

“ఇంకోసారి ఎక్కిస్తావా అమ్మాయ్?” అన్నారు.

ఎక్కించింది. ఈసారి ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పబోతే ఒప్పుకోలేదు కూడా. పని ముగించి, తన కంప్యూటరుని తనే ఎత్తుకుని బయటికి నడిచారు. ఆటోని రోడ్డుకి అడ్డంగా పెట్టినందుకు డ్రైవరుని గట్టిగా కేకలేశారు. ఆ కేకలు విని సౌభాగ్యమ్మ గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

ఆటో వెళ్ళిపోయింది. మస్తాన్‌వలీ గారు ఒక రేడియో ముందేసుకుని వెనక మూత విప్పుతున్నారు. కోటేశ్వరికి ఏడుపొక్కటే తక్కువ.

“నేను తీసిందీ ఆ ఫైలే. చేసిందీ ఆ పనే. మరి నా పనిలో తప్పేమిటి గురువుగారూ?”

ఆయన తలెత్తలేదు.

“తప్పేం లేదు తల్లీ. కాకపోతే, అది నువ్వు చేశావు.”