స్మన్, మెన్

ఇందుమతి నరసరావుపేట నుంచి హిమాచల్ వెళ్ళి, టిబెటన్ సన్యాసినుల మఠంలో చేరింది. ఏడాది తిరక్కుండానే టిబెటన్ గ్రంథాలు తడుముకోకుండా చదవసాగింది. కానీ తోటివాళ్ళు మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆమె మాట్లాడితే వాళ్ళు నవ్వేవారు.

ఆ సంగతే గురువు యాంగ్‌చెన్‌తో హిందీలో చెప్పుకుంది.

"వీళ్ళు సగం అక్షరాలు మింగేస్తున్నారమ్మా. మా తెలుగులో ఎలా రాస్తామో అలాగే పలుకుతాం."

యాంగ్‌చెన్ ఆమెను మంచం పట్టిన దోల్కర్ అనే ముసలి సన్యాసిని దగ్గర ఆ పూట కూర్చోమంది.

మధ్యాహ్నం దోల్కర్‌కు ఆయాసం ఎక్కువైంది. "మెన్" అంది.

ఇందుమతి నీళ్ళు ఇచ్చింది. ముసలామె తల అడ్డంగా ఊపింది. "మెన్, మెన్."

దుప్పటి కప్పింది. కిటికీ తెరిచింది. ముసలామె పెదవులు నల్లబడుతున్నాయి. ఇందుమతి హడలిపోయి గురువు కోసం పరిగెత్తింది.

యాంగ్‌చెన్ వచ్చి, గూట్లో ఉన్న సీసా తీసి మందు పట్టింది. కాసేపటికి ఊపిరి కుదుటపడింది.

"మెన్ అని అడిగింది. మందు."

"ఆ మాట నాకు తెలుసమ్మా. పుస్తకంలో 'స్మన్' అని ఉంటుంది. ఆమె నోట ఆ 'స' వినబడలేదు, 'అ' కాస్తా 'ఎ' అయింది."

గురువు మందలించలేదు. ఇందుమతి దగ్గరున్న పుస్తకాలన్నీ తీసుకెళ్ళి తన గదిలో పెట్టుకుంది. ఆమె పడుకునే పరుపు తెచ్చి దోల్కర్ మంచం పక్కన పరిచింది.

మొదట్లో ఇందుమతికి కళ్ళకు గంతలు కట్టినట్టే ఉండేది. ముసలామె పెదవుల కదలిక, చెయ్యి చూపే వైపు, గొంతులో విసుగు, అప్పుడప్పుడూ ఒక నవ్వు. వాటినే పట్టుకుని నడిచింది.

చలికాలానికి దోల్కర్ లేచి కూర్చుంది. ఒకరోజు యాంగ్‌చెన్ వచ్చేసరికి ఇద్దరూ కబుర్లలో ఉన్నారు. మధ్యలో దోల్కర్ నడుం పట్టుకుని "ఙే" అని గొణిగింది. ఇందుమతి మాట ఆపకుండానే, ఆమె అడిగిన దిండు తీసి వీపు వెనక పెట్టింది.

"ఆ మాట ఎలా రాస్తారు?" అని అడిగింది గురువు.

ఇందుమతి వేలితో గాలిలో రాయబోయి ఆపేసింది.

"తెలీదమ్మా."

"అయితే ఇక నీ పుస్తకాలు తీసుకుని చదువుకో" అంది యాంగ్‌చెన్.