అలుగవ్వ కాపు కాసిన మడుగు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త బయ్యమ్మ. మేకలు కాచేది. ఆమె చెప్పింది చెప్పినట్టే మీకు చెబుతున్నాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. పిల్లలూ, సరిగ్గా కూర్చుని వినండి. మధ్యలో లేవకండి.

అనగనగా ఒక కొండ అడవి. ఎండాకాలం వస్తే ఆ అడవి మొత్తానికి ఒక్కటే మడుగు మిగిలేది. ఆ ఒడ్డున వేటగాళ్ళు తీగ ఉచ్చులు పన్నారు. చుక్కమ్మ అనే దుప్పి, వాళ్ళ అక్క నీళ్ళు తాగుతూ రెండూ ఇరుక్కున్నాయి. చుక్కమ్మ కాలు చీరుకున్నా గింజుకుని బయటపడింది. అక్క బయటపడలేదు. మంద బెదిరి కొండ అవతలికి పారిపోయింది.

ఆ రోజు నుంచి చుక్కమ్మ మడుగు వైపు పోదు. పొదలో దాక్కుని, తెల్లారి ఆకుల మీద తడి నాకి బతుకుతోంది. ఒంట్లో నీరు లేక పాలు ఎండిపోతున్నాయి. దాని పిల్లకి ఇంకా గడ్డి కొరకడం రాదు. ఇంకో వారం రోజులు ఇలాగే ఉంటే పిల్ల దక్కదు.

వైద్యుడని పేరున్న ఎలుగుబంటి వచ్చాడు. ఒంటరిగా వచ్చాడా? లేదు. తన వైద్యం చూడమని అడవి వాళ్ళందరినీ వెంటేసుకొచ్చాడు. పొదకి ఉన్న ఒక్క దారిలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమే చుక్కమ్మా, ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు" అన్నాడు.

చుక్కమ్మ పొద లోపలికి ఇంకా ముడుచుకుంది.

రెండో రోజు మళ్ళీ వచ్చాడు. "మా వాళ్ళకి దడుపు పట్టుకుంటే చెట్టును గోళ్ళతో గీరి గట్టిగా అరుస్తారు. అంతటితో పోతుంది. నువ్వూ అలాగే అరవాలి" అన్నాడు.

"అయ్యా, దుప్పి అరిస్తే ఎక్కడుందో పులికి తెలుస్తుంది" అంది చుక్కమ్మ.

"ఇదిగో, ఈ వంకలే వద్దు" అన్నాడు.

మూడో రోజు చుక్కమ్మ నోట్లో ఏదో ఆకు కుక్కి, వెనక నుంచి నెట్టుకుంటూ మడుగు దాకా తీసుకుపోయాడు. నీళ్ళు కనబడగానే చుక్కమ్మ ఎగిరి పడింది. కాలి గాయం మళ్ళీ చిట్లింది. కుంటుకుంటూ పొదలోకి పారిపోయింది.

"మొండిది. వైద్యానికి లొంగదు" అని చెప్పి ఎలుగుబంటి ఇంటికి పోయి తేనె తాగి పడుకున్నాడు.

లొంగడమేమిటి? నెట్టినవాడిది తప్పు కాదట, పడినదానిది తప్పట. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ పొద దగ్గర బొరియలో ఒక ముసలి అలుగు ఉండేది. ఒంటి నిండా పెంకులు. భయమేస్తే ఉండలా చుట్టుకుపోతుంది. మర్నాడు తెల్లారకముందే అది మెల్లగా వచ్చింది.

"అలుగవ్వా, నువ్వూ అడగడానికే వచ్చావా?" అంది చుక్కమ్మ.

"అడగను. ఎటు కూర్చోమంటావో చెప్పు, అటు కూర్చుంటాను."

"ఎదురుగా వద్దు. మా వాళ్ళకి ఎదురుగా నిలబడేది పులే."

అలుగవ్వ పక్కన కూర్చుంది. చుక్కమ్మ ఎటు చూస్తే తానూ అటే చూసింది. ఎండెక్కాక వెళ్ళిపోయింది. అంతే.

రెండో రోజు తెల్లారి అలుగవ్వ చెప్పింది. "నన్ను విప్పాలని ఒకసారి నక్క లాగిందే. లాగినకొద్దీ బిగుసుకున్నాను."

"మరి ఎప్పుడు విప్పుకున్నావు?"

"దానికి విసుగొచ్చి పోయాక."

చుక్కమ్మ చిన్నగా నవ్వింది. అప్పుడు అలుగవ్వ అడిగింది. "మీ వాళ్ళు నీళ్ళు ఎలా తాగుతారే?"

"ఒకరు తాగుతుంటే ఒకరు వెనక్కి తిరిగి కాపు కాస్తారు. ఇప్పుడు నాకు కాపు ఎవరున్నారవ్వా?"

"నేనున్నాను. చూపు ఆనదు గానీ ముక్కు పనిచేస్తుంది. ఇనుప తీగ వాసన నాకు తెలుసు."

మూడో రోజు తెల్లారి ఇద్దరూ బయల్దేరారు. అలుగవ్వ అడుగడుగూ వాసన చూస్తూ ముందు నడిచింది. చుక్కమ్మ మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ అలుగవ్వ ఆగింది.

"వెనక్కి పోదామా అవ్వా?"

"పోదామంటే పోదాం."

పోనిస్తానంది కాబట్టే చుక్కమ్మ ముందుకి అడుగేసింది.

ఒడ్డున గడ్డిలో ఇంకో ఉచ్చు ఉంది. అలుగవ్వ గోళ్ళతో తవ్వి పెరికి పారేసింది. తరవాత నీళ్ళకి వీపు పెట్టి, అడవి వైపు తిరిగి నిలబడింది. అచ్చం దుప్పులు నిలబడినట్టే. చుక్కమ్మ వంగి తాగింది. తల ఎత్తి, ఎవరూ అడగకుండానే అంది.

"మా అక్క ఇక్కడే పడిపోయింది."

అలుగవ్వ వెనక్కి తిరగలేదు. "ఊఁ" అంది. కాపు వదల్లేదు. చుక్కమ్మ మళ్ళీ వంగి కడుపు నిండా తాగింది. ఆ సాయంత్రం పిల్లకి పాలు దొరికాయి.

ఎలుగుబంటి ఊరుకున్నాడా? "చూశారా, నా ఆకు ఆలస్యంగా పట్టింది" అని చాటుకున్నాడు. అందరూ తలలూపారు. అలుగవ్వ విని బొరియలోకి పోయింది.

అవ్వ ఊరుకుంది. నేను ఊరుకోను. మా ఊరి అంగన్‌వాడీ గోడ మీద ఈ కథ బొమ్మ వేశారు. ఆకు పట్టుకుని ఎలుగుబంటి, ఎదురుగా చేతులు కట్టుకున్నట్టు దుప్పి. అలుగు లేనే లేదు. వేసినవాళ్ళని అడిగితే "కథ అదే కదా తాతా" అంటారు.

నీతి: భయపడ్డవాళ్ళని లాగకు, నెట్టకు. వాళ్ళ పద్ధతేమిటో వాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పిన వైపు నిలబడు.

కుంచె పట్టడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ ఎలుగుబంటిని చెరిపి, అక్కడ అలుగవ్వని వెయ్యండి. మొహం కనబడనక్కరలేదు. దుప్పి నీళ్ళు తాగుతుండాలి, అవ్వ వీపు పెట్టి అడవి వైపు చూస్తుండాలి.