మొండి కుసుమ, కొత్త దవడ

సామర్లకోటలో కుసుమ అనే కుట్టుపని చేసుకునే అమ్మాయి ఉండేది. ఎవరైనా వద్దన్నారంటే చాలు, ఆ పని చేసి తీరేదాకా ఆగేది కాదు.

ఆమె కింది దవడ చిన్నప్పటి నుంచీ ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. ముందు పళ్లు ఒకదానికొకటి ఆనేవి కావు. ఏది కొరకాలన్నా పక్క పళ్లతో కుస్తీ పట్టాల్సిందే. ఇరవై నాలుగో ఏట ఆపరేషన్ చేయించుకుంటానంది. "దేవుడిచ్చిన మొహానికి కత్తులెందుకే?" అన్నారు చుట్టాలు. వాళ్లు వద్దన్నారు కాబట్టి ఇంకాస్త పట్టుబట్టి, కాకినాడ వెళ్లి చేయించుకుంది. డాక్టరుగారు దవడను కోసి, వెనక్కి జరిపి, చిన్న చిన్న రేకులూ స్క్రూలూ పెట్టి బిగించారు. పై పళ్లకూ కింది పళ్లకూ కలిపి రబ్బర్లు తగిలించారు.

"ఆరు వారాలు ఏదీ నమలకూడదమ్మా. ఎముక అతుక్కోవాలి. అంతా జారుగా తాగడమే," అన్నారాయన.

వాళ్లమ్మ సత్యవేణి రాగిజావ కాచేది, పప్పుకట్టు తీసేది. ఒకరోజు కోడికూరను మిక్సీలో వేసి, టీ వడపోసుకునే జల్లెడలో వడకట్టింది. కుసుమ దాన్ని సూది లేని సిరంజిలోకి ఎక్కించి బుగ్గ సందులోంచి లోపలికి పంపేది. గడ్డం తిమ్మిరెక్కి ఉండడంతో జావ కారుతున్నా తెలిసేది కాదు. అందుకని అద్దం ముందు కూర్చుని తాగేది.

"ఊళ్లోవాళ్ల జాకెట్లు మానేసి నావే బిగించుకోవాలి. అన్నీ వదులైపోయాయి," అని బిగించిన పళ్ల మధ్య నుంచి సణిగేది.

మూడో వారానికి నొప్పి తగ్గింది. 'డాక్టర్లు అలాగే అంటారు. నా దవడ సంగతి నాకు తెలీదా?' అనుకుంది కుసుమ. వాళ్లమ్మ పాలకు వెళ్లగానే రబ్బర్లు తీసేసి, డబ్బాలోంచి జంతిక ముక్క నోట్లో వేసుకుంది. నాలుగుసార్లు నమిలింది. ఐదోసారి చెవి కింద టక్కుమంది.

డాక్టరుగారు ఎక్స్‌రే చూశారు. "ఏం తిన్నావు?"

"జంతికండి. మీరు వద్దన్నారుగా."

ఆయన నవ్వలేదు. "వద్దన్నది నేను. దెబ్బ తిన్నది నీ ఎముక. ఒక స్క్రూ వదులైంది. ఇవాళ్టి నుంచి మళ్లీ ఆరు వారాలు. ఇంకోసారి నమిలావంటే దవడ పక్కకు పోతుంది, మళ్లీ కొయ్యాల్సిందే."

కుసుమ ఇంటికొచ్చి రబ్బర్లు తానే తగిలించుకుంది.

పదిరోజులకు ఇంట్లో ఆవకాయ కలిపారు. కలపడం అయ్యాక, బేసిన్‌కు అంటుకున్న కారంలో వేడన్నం, నెయ్యి వేసి కలిపి, మేనత్త సూరమ్మ తన చేత్తో అందరికీ తలా ఒక ముద్ద పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. చుట్టాలంతా చుట్టూ చేరారు. కుసుమ వంతు వచ్చింది.

"రబ్బర్లు తియ్యవే. మళ్లీ పెట్టుకుందువుగాని," అంది సూరమ్మ.

"వద్దత్తా."

"ఒక్క ముద్దకే దవడ ఊడి పడుతుందా? మెత్తగా పిసికాను. మింగెయ్."

"అందులో టెంక ముక్క ఉందో లేదో నీకేం తెలుసు?"

"నా చేతి ముద్ద వద్దన్న పిల్ల ఈ ఇంట్లో పుట్టలేదు."

"ఇప్పుడు పుట్టిందనుకో."

ఎవరో కిసుక్కున నవ్వారు. సూరమ్మ మొహం కందిపోయింది. "అయితే ఇది విషమంటావా?"

"విషం కాదత్తా. నోరూరిపోతోంది. గడ్డం మీద కారుతూ కూడా ఉండుంటుంది, నాకు తెలీదు. అయినా తినను."

నెయ్యి వాసన ముక్కు దాకా వచ్చింది. కుసుమ లేచి, మజ్జిగ గ్లాసూ సిరంజీ అద్దమూ తెచ్చుకుని, తలుపు చాటుకు పోకుండా అందరి మధ్యా కూర్చుని తాగింది. సూరమ్మ చెయ్యి కడుక్కుని వాళ్లింటికి వెళ్లిపోయింది.

గడువు పూర్తయ్యాక డాక్టరుగారు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశారు. ఎముక తిన్నగా అతుక్కుంది. ఆయన రబ్బర్లు తీసేసి, "మెత్తటి ఇడ్లీతో మొదలుపెట్టమ్మా," అన్నారు. ఆ రోజు కుసుమ ఒక్క ఇడ్లీని అరగంటసేపు తింది. ఎక్కడా టక్కుమనలేదు. సూరమ్మ అలక మాత్రం ఇంకా తీరలేదు. కుసుమ కూడా బతిమాలడానికి వెళ్లలేదు.

నీతి: మన మేలు కోరి చెప్పిన మాట మీద మొండికేస్తే నష్టం మనకే, మొండికెయ్యాల్సింది ఆ మాట పాటించడానికి, ఎదురుగా నిలబడింది మేనత్త అయినా సరే.